ఫిల్టర్‌లో దొరికిన తేనెటీగలు

ఆ వీధిలో ఆమెను అందరూ తేనెక్క అనే పిలిచేవారు. చిన్నపిల్లలకూ తేనెక్కే, ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళకూ తేనెక్కే. ఇంటి వెనక దడి కట్టిన జాగాలో చెక్కపెట్టెల్లో తేనెటీగలను పెంచేది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయేనాటికి దొడ్లో ఓ మూల ఉన్న పెట్టెలు ఆమె చేతిలో పెరిగి పెరిగి, బట్టలు ఆరేసుకోవడానికి కూడా చోటు లేకుండా చేశాయి.

పువ్వు ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు మోసుకుపోవడం ఆ పనిలో సగం. ఒక కాలం పొద్దుతిరుగుడు చేలు, ఇంకో కాలం పళ్ళతోటలు. తోటలవాళ్ళు కూడా ఆమె కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవారు. ఈగ వాలిన చెట్టుకు కాయ బాగా నిలుస్తుందని వాళ్ళకు తెలుసు.

పెట్టెలు మోసే బండిని ఆమె భర్త నడిపేవాడు. పెళ్ళికి ముందు అతను ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ నడిపాడు. సిమెంటు బండి, గడ్డి బండి, నీళ్ళ ట్యాంకరు. ఏదీ తనది కాదు. పెళ్ళయ్యాక మామగారి పాత పికప్ చేతికొచ్చింది. దాని తలుపు తాడుతో కట్టాలి. అద్దం ఒకసారి దింపితే మళ్ళీ పైకి రావాలంటే ఇద్దరు మనుషులు కావాలి. హారన్ తప్ప అన్నీ మోగుతాయని తేనెక్క నవ్వేది. అయినా ఆ బండి చెప్పిన చోటికి చెప్పిన వేళకు చేర్చేది. వీధిలో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "తేనెక్క మొగుడు" అనేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో తేనెక్క ఏనాడూ తరచి చూడలేదు.

పాత బండి పొగ కక్కడం మొదలుపెట్టినప్పుడు ఇంజను విప్పించి బాగుచేయిద్దామంది ఆమె.

"బాగుచేసి బాగుచేసి నా చేతులు అరిగిపోయాయి. ఈసారి కొత్తదే కొందాం," అన్నాడు అతను.

"ఇంకో రెండేళ్ళు లాగుతుందేమోనండీ."

"లాగింది చాలు. బతుకంతా పాతవే తోలాను. ఒక్కటి కొత్తది తోలనీ నన్ను."

అతను అంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. సరే అంది.

షోరూంలో టై కట్టుకున్న మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చెయ్యి కలిపాడు. "సార్, మీలాంటి అనుభవమున్న డ్రైవరు చేతిలో ఉండాల్సిన బండి సార్ ఇది," అన్నాడు. ఆ "సార్" అన్న మాటకు తన భర్త వెన్ను నిటారుగా కావడం తేనెక్క గమనించింది. ముచ్చటేసింది కూడా. ఆమె అడగాలనుకున్న ప్రశ్నలు రెండు మూడున్నాయి. ఎండలో, లోడుతో, కొండదారిలో ఎలా లాగుతుందని. అడిగేలోపే తాళాలు అతని చేతికి వచ్చేశాయి.

తెల్లటి బండి. ఇంటిముందు ఆగితే వీధి వీధంతా వచ్చి చూసింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు అతను తీయనివ్వలేదు. ఎండాకాలంలో ఆ కవర్లు ఒంటికి అతుక్కుపోయి, దిగేటప్పుడు చర్మం ఊడొచ్చినట్టుండేది, అయినా సరే. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే బండి కడిగేవాడు. కొన్నాళ్ళకు వీధి చివర టీ కొట్టతను "ఏం బండాయనా, ఎంతవరకు ప్రయాణం?" అని పలకరించాడు. ఆ పేరు నిలిచిపోయింది. తేనెక్క మొగుడు పోయి బండాయన వచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పాడు.

బండి మొదటిసారి ఆగింది ఒక మిట్టమధ్యాహ్నం, ఎత్తు ఎక్కుతుండగా. ముందు స్టీరింగు వెనక పసుపుదీపం వెలిగింది. ఆ తర్వాత ఇంజను దగ్గి, గుక్క తిప్పుకోలేనట్టు రెండుసార్లు ఊగి, ఆగిపోయింది. వెనక ఈగలు పట్టు కట్టే ఖాళీ ఫ్రేములే ఉన్నాయి కాబట్టి నష్టమేం లేదు. గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నారు. చల్లబడ్డాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

షోరూంవాళ్ళు బండిని లోపలికి తీసుకుని, ఒక పూటంతా ఉంచుకుని, "కంప్యూటర్‌లో ఏమీ లేదు సార్, సమస్య కనబడలేదు," అని తిరిగి ఇచ్చారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ తీసుకుపోయారు. మళ్ళీ సమస్య కనబడలేదు. ఆగినప్పుడల్లా ఎండే, ఎత్తే. షోరూంలో మాత్రం ఏసీ గది, నున్నటి నేల. అక్కడ అది బుద్ధిమంతుడిలా నిలబడేది.

షోరూం బెంచీ మీద ఒకాయన తరచూ కనిపించేవాడు. టైల్స్ వ్యాపారం. ఆయన గుండీల సందుల్లో కూడా సిమెంటు రంగు ధూళి ఉండేది.

"మీదీ ఎండలో ఆగిపోతోందా చెల్లెమ్మా?" అని అడిగాడు ఒకనాడు తేనెక్కను.

"అవునన్నయ్యా. మీది కూడానా?"

"నాదీ అంతే. నిన్నయితే నట్టనడి కూడల్లో ఆగింది. వెనకవాళ్ళు కొట్టిన హారన్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. ఇక్కడికి తెస్తే మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లలా తల దించుకుని నిలబడుతుంది."

తేనెక్క నవ్వింది. పక్కనే ఉన్న ఆమె భర్త నవ్వలేదు. బయటికొచ్చాక, "ఆయన అడ్డమైన లోడూ వేస్తాడు. అందుకే ఆగుతుంది. మనకీ ఆయనకీ పోలికేంటి?" అన్నాడు. ఆమెకది వింతగా తోచింది. తనలాగే దెబ్బతిన్న మనిషి కనిపిస్తే మనసు కాస్త కుదుటపడాలి గదా అనుకుంది.

కంపెనీ ఫోన్ నంబరు ఒకటుండేది. చేస్తే ముందు సంగీతం, తర్వాత మీ ఫోన్ మాకెంతో ముఖ్యం అనే మాట, మళ్ళీ సంగీతం. తేనెక్క వంటింట్లో ఫోనును గట్టు మీద పెట్టి, ఆ సంగీతం వింటూ అంట్లన్నీ తోమేసేది. చివరికి ఒక తీయటి గొంతు వచ్చి, "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?" అనేది.

"అసలు మొదటి సాయమే అందలేదమ్మా. ఇంకేదో ఎలా అడగను?" అంది తేనెక్క ఒకసారి. ఆ గొంతు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది.

పళ్ళతోటలు పూతకొచ్చే కాలం వచ్చింది. ఏటా వెళ్ళే తోట చాలా దూరం, మధ్యలో కొండదారి. అక్కడి పెద్దాయన కబురు పెట్టాడు, మొగ్గ విచ్చుతోంది, వచ్చెయ్యమని.

"ఈసారికి నత్త బాబాయ్ బండి మాట్లాడుకుందామండీ," అంది తేనెక్క.

నత్త బాబాయ్ వెనక వీధిలో ఉండేవాడు. ఆయన పాత బండి సైకిలువాళ్ళు కూడా దాటిపోయేంత నిదానంగా నడిచేది, అందుకే ఆ పేరు. కానీ ఎక్కడా ఆగినట్టు ఎవరూ వినలేదు.

 ఆ పూట భర్త కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. సాయంత్రం బండి బానెట్ ఎత్తి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. చీకటి పడుతున్నా లోపలికి రాలేదు. తేనెక్కకు జాలేసింది. "సరే, మన బండిలోనే పోదాం. తెల్లారకముందే బయల్దేరితే ఎండ తగలదు," అంది. అలా అన్నందుకు తర్వాత ఆమె తనను తాను తిట్టుకోని రోజు లేదు.

మర్నాడు సాయంత్రం ఈగలన్నీ గూళ్ళకు చేరాక పెట్టెల మూతులకు జాలీలు బిగించి, బండిలో వరసగా పేర్చి తాళ్ళు కట్టారు. తెల్లవారుజామున బయల్దేరారు. మూసిన పెట్టెలో ఈగలు చల్లగా ఉన్నంతసేపే ఓర్చుకుంటాయి. వేడెక్కితే అన్నీ కలిసి రెక్కలు కొట్టి గాలి ఆడించుకుంటాయి. కొట్టేకొద్దీ ఇంకా వేడెక్కుతాయి. ఒక హద్దు దాటితే లోపలి మైనం మెత్తబడి తేనెపట్టు కూలుతుంది, ఈగలు తమ తేనెలో తామే తడిసి ముద్దయిపోతాయి. అందుకే ఎండ ముదరకముందే తోట చేరాలి.

కొండదారి సగం ఎక్కేసరికి సూర్యుడు వచ్చేశాడు. మబ్బు తునక కూడా లేదు. పసుపుదీపం వెలిగింది.  భర్త స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగాడు, తానే బండిని లాగుతున్నట్టు. ఇంజను దగ్గింది, ఊగింది, ఆగింది.

"ఏం కాదు. కాసేపట్లో చల్లారుతుంది," అన్నాడు.

చల్లారలేదు. తాళం ఎన్నిసార్లు తిప్పినా గొణిగి ఊరుకుంది. అతను కంపెనీకి ఫోన్ చేశాడు. సంగీతం, మాట, సంగీతం. చివరికి గొంతు దొరికింది. మాట్లాడి, ఊపిరి పీల్చుకుని పెట్టేశాడు.

"వ్యాను బయల్దేరిందట. బండి దగ్గరే ఉండమన్నారు. లోడు కదపొద్దన్నారు."

"లోడంటే ఏంటో చెప్పారా వాళ్ళకి?"

"చెప్పాను. పెట్టెలన్నాను."

"పెట్టెల్లో ప్రాణులున్నాయని చెప్పారా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. తేనెక్క చుట్టూ చూసింది. చెట్టన్నది లేదు. రోడ్డుకు అటుపక్క ఒక పెద్ద రాయి, దాని కింద కాస్త నీడ.

"దించుదాం రండి. చెరోవైపు పట్టుకుంటే ఆ రాయి పక్కన పెట్టెయ్యొచ్చు. మూతులు అక్కడ తెరుస్తాను."

"వస్తున్నారంటుంటే! దించి మళ్ళీ ఎక్కించడమంటే మాటలా? వాళ్ళొచ్చి లాక్కుపోతే అర్ధగంటలో తోటలో ఉంటాం."

"వాళ్ళు రాకపోతే?"

"కంపెనీవాళ్ళు చెప్పాక రాకుండా ఉంటారా?" అన్నాడు. నిజంగానే నమ్మి అన్నాడు. అతని మొహంలో అబద్ధం లేదు. ఆ తర్వాత చాలాకాలం ఆమెను తొలిచింది ఆ మొహమే.

ఆమె ఒక్కతే దించబోయింది. తేనె నిండిన పెట్టె ఒక మనిషి ఎత్తే బరువు కాదు. తాగడానికి తెచ్చిన నీళ్ళన్నీ గోనెసంచుల మీద పోసి పెట్టెల మీద కప్పింది. చూస్తుండగానే ఆరిపోయాయి. పెట్టెల్లోంచి హోరు పెరిగింది. బండి రేకు మీద చెయ్యి పెడితే ఆ హోరు చేతిలోకి పాకేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈగల చప్పుడు వింటున్న మనిషి. ఆకలి చప్పుడు, కోపం చప్పుడు, రాణి ఈగ పోయిన గూటి ఏడుపు, అన్నీ తెలుసు. ఇలాంటిది ఎప్పుడూ వినలేదు.

ఎండ వైపు ఉన్న ఒక పెట్టెలో హోరు తగ్గడం మొదలైంది. దాని అడుగు నుంచి తేనె కారి, బండి వెనక తెల్లరంగు మీదుగా సన్నటి చారగా దిగింది.

ఆమె భర్త అది చూశాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. పెట్టెను ముట్టుకోలేదు. వంగి, రంగు మీద కారిన తేనెను మరక పడకుండా తుడిచాడు.

తేనెక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.  కత్తి తీసుకుని బండెక్కి జాలీలు పరపరా కోసేసింది. ముసుగు లేదు, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా వెలిగించే తీరిక లేదు. ప్రాణమున్న పెట్టెల్లోంచి ఈగలు పొగలా బయటికొచ్చాయి. దిక్కు తెలియక ఆమె మీదే వాలాయి, కుట్టాయి. మెడ మీద, కనురెప్పల మీద, వేళ్ళ సందుల్లో. భర్త బండిలో దూరి అద్దాలెక్కించుకున్నాడు. ఆమె ఒక్కొక్క పెట్టె మూతా లేపుకుంటూ పోయింది. మధ్య వరసలో మూత లేపినప్పుడు ఏదీ ఎగరలేదు. నల్లటి తడిముద్ద, వేడి మైనం వాసన, అంతే.

కంపెనీ వ్యాను అప్పుడు వచ్చింది. గాల్లో ఈగల మబ్బు చూసి దూరంగానే ఆగిపోయింది. లోపల ఇద్దరున్నారు. ఒకడు అద్దం వేలెడంత దింపి అరిచాడు.

"ముందు ఆ ఈగల్ని పంపించెయ్యండి!"

"ఎక్కడికి పంపమంటావు నాయనా? వాటి ఇల్లు ఇదే!" అంది తేనెక్క.

వాళ్ళు ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. కస్టమరు సహకరించలేదని కంపెనీలో రాసుకున్నారని తర్వాత తెలిసింది.

ఎండ వాలేదాకా ఆమె రోడ్డు మీద కూర్చుని బతికిన వాటిని ఏరి బతికిన పెట్టెల్లో చేర్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చచ్చిన ఈగలను ఒళ్ళో పోసుకుని రాణుల కోసం వెతుకుతుండగా వెనక ఇంజను చప్పుడైంది.

"స్టార్టయింది!" అన్నాడు భర్త అద్దం దింపి. ఆ క్షణంలో అతని మొహం వెలిగిపోయింది. ఆమెను చూశాక ఆరిపోయింది గానీ, వెలగడమైతే వెలిగింది.

తోటకు వెళ్ళే ప్రశ్నే లేదు. సగానికి పైగా పెట్టెలు పోయాయి. మిగిలినవీ నీరసించాయి. తోట పెద్దాయన వేరేచోటి నుంచి ఈగలు తెప్పించుకున్నాడు. "నీ మీద కోపమేం లేదమ్మా. పువ్వు మనకోసం ఆగదు కదా," అన్నాడు ఫోన్లో. మంచిమనిషి. మరుసటేడు గురించి ఏమీ అనలేదు.

బండిని షోరూంవాళ్ళు తీసుకుపోయి చాలా రోజులు ఉంచుకున్నారు. చివరికి ఇద్దరినీ రమ్మన్నారు. మేనేజరు బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద బండి ఎయిర్ ఫిల్టరు పెట్టాడు. మడతల మధ్య ఎండిపోయిన తేనెటీగలున్నాయి.

"ఇదీ సంగతి మేడమ్. ఇంజనుకు గాలి వెళ్ళే దారిలో ఈగలు. దానికి ఊపిరాడలేదు. అందుకే ఆగింది. ఇది వారంటీలోకి రాదు."

తేనెక్క ఫిల్టరు దగ్గరకు లాక్కుని చూసింది. "ఇవి ఆ రోజు నేను మూతులు తెరిచాక బయటికొచ్చినవి. బండి ఆగాకే కదా తెరిచాను. సాయంత్రం ఈయన మళ్ళీ స్టార్టు చేసినప్పుడు లోపలికి లాగేసుకుంది. ఆగాక దూరిన ఈగలు, ఆగడానికెలా కారణమవుతాయి?"

"దూరిన వేళ మాకెలా తెలుస్తుంది మేడమ్? మాకు కనబడింది ఈగలే."

"అంతకు ముందు ఎన్నిసార్లు ఆగింది? అప్పుడు ఫిల్టరు మీరే విప్పి చూశారుగా. అప్పుడున్నాయా ఈగలు?"

"అప్పుడు సమస్యే కనబడలేదు కదా మేడమ్. సమస్య లేనప్పుడు కారణం ఎందుకుంటుంది?"

తేనెక్క ఫిల్టరును కాగితం మీద తట్టింది, ఎండిన ఈగలన్నీ రాలిపడ్డాయి.  "బెంచీ మీద కూర్చునే టైల్స్ అన్నయ్య ఈగలు పెంచడు. ఆయన బండి ఎందుకాగుతోంది?"

"వేరే కస్టమర్ల సంగతి మేం మాట్లాడకూడదు." మేనేజరు ఆమె వైపు నుంచి కుర్చీ తిప్పుకున్నాడు. గొంతు మార్చాడు. "సార్‌కి బండ్ల గురించి బాగా తెలుసు. ఎన్నో ఏళ్ళ అనుభవం. మీరు చెప్పండి సార్. ఇంత చెత్త గాలిదారిలో ఉంటే ఏ ఇంజనైనా నడుస్తుందా?"

తేనెక్క కూడా భర్త వైపు తిరిగింది. "అవును, మీరే చెప్పండి. నడిపింది మీరేగా. ప్రతిసారీ ఎప్పుడు, ఎలా ఆగిందో చూసింది మీరు."

అద్దం గోడకు అవతల అతని బండి ఉంది. అప్పుడే కడిగినట్టున్నారు, తళతళలాడుతోంది. అతను దాన్ని చూశాడు. కాగితం మీది ఈగలను చూశాడు. భార్య మొహం మాత్రం చూడలేదు.

"ఈగలు దూరితే... ఇంజనేం చేస్తుంది పాపం," అన్నాడు. అని, మేనేజరుతో కలిసి తలూపాడు.

కొండదారిలో అన్ని ఈగలు కుట్టినా గట్టిగా అరవని మనిషి తేనెక్క. ఆ తలూపు చూసి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాగితాన్ని నాలుగువైపులా మడిచి, ఆ ఎండిన ఈగలను కొంగుకు ముడేసుకుని లేచింది.

"ఫిల్టరు ఇక్కడే ఉంచండి మేడమ్, అది కంపెనీది," అన్నాడు మేనేజరు.

"ఫిల్టరు మీదే. ఈగలు నావి," అంది.

కొత్త ఫిల్టరు వేయించుకోమన్నారు. మర్యాదగా, ఒకసారి బండి ఊరికే కడిగిపెడతామన్నారు. ఆమె భర్త ఆ కడగడం కూడా చేయించుకునే ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం దొడ్లో ఆమె ఖాళీ పెట్టెల్లో కరిగి గడ్డకట్టిన మైనం గోకుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వలా అందరి ముందూ నిలదీస్తే నేనేమనాలి? నలుగురిలో నన్ను చవటని చెయ్యాలనా?"

"నేనేం చేశాను? మీ కళ్ళతో చూసింది చెప్పమన్నాను."

"పాతదే బాగుచేయిద్దామన్నావు నువ్వు. కొత్తది కావాలన్నది నేను. ఇప్పుడిది మంచిది కాదంటే..." అని ఆగిపోయాడు.

"అంటే ఏమైంది? తప్పు మీదా? చేసినవాళ్ళది. వాళ్ళు మోసం చేశారని ఒక్క మాట అంటే నేనూ మీ పక్కన నిలబడేదాన్ని. ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం వాళ్ళని. అదీ లేకుండా చేశారు."

ఆమె మళ్ళీ మైనం గోకడం మొదలుపెట్టింది.  చివరికి, "అన్నం పెడతావా?" అన్నాడు. పెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఆగలేదు. కరెంటు బిల్లు, కుళాయి, ఎవరో పెళ్ళికి వెళ్ళాలా వద్దా, అన్నీ మాట్లాడుకునేవారు. ఈగల మాట వస్తే అతను లేచిపోయేవాడు. బండి మాట వస్తే ఆమె లేచేది. అలా ఒకరి తర్వాత ఒకరు లేస్తూ కూర్చుంటూ ఆ ఏడాది గడిపారు. టీ కొట్టు దగ్గర మాత్రం అతను, మా ఆవిడ ఈగలు ఇంజనులో దూరి ఎంత నష్టం చేశాయో చూడండని చెప్పుకునేవాడట. ఆ సంగతి ఆమెకు కొట్టతని భార్య చెప్పింది. తేనెక్క విని, "అవునా," అని, తెచ్చుకున్న పాలగిన్నె ఒలకకుండా ఇంటికి నడిచింది.

మిగిలిన పెట్టెలను ఆమె పసిబిడ్డల్లా సాకింది. చక్కెర పాకం పెట్టి, చీమలు పట్టకుండా పెట్టెల బల్లల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి, బలం పుంజుకున్న గూళ్ళను రెండేసిగా విడదీసి, కొత్త రాణులు పుడితే కళ్ళొత్తుకుంది. దొడ్లో మళ్ళీ కాస్త కాస్తగా చప్పుడు పెరిగింది.

మరుసటి ఎండాకాలం మొదట్లో టైల్స్ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"మీకూ ఫోనొచ్చిందా చెల్లెమ్మా? మెరుగుదలట! ఎండాకాలపు మెరుగుదల. మన బండ్లన్నిటికీ ఇంజనుకు డీజిల్ అందించే పంపు ఊరికే మార్చి పెడుతున్నారు. నాది మొన్న మార్చారు. అప్పటినుంచి ఒక్కసారి ఆగితే ఒట్టు."

"పాత పంపు పాడైందని చెప్పారా అన్నయ్యా?"

"తప్పు అన్న మాట వాళ్ళ నోటెక్కడ వస్తుంది? నేనడిగాను. పాతది మంచిది, ఇది ఇంకా మంచిదన్నారు." ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

ఆయన వెళ్ళాక తేనెక్క కంపెనీ నంబరుకు ఫోన్ చేసింది. సంగీతం మారలేదు. గొంతు మారింది.

"ఎండలో బండ్లు ఆగిపోవడానికి ఆ పంపే కారణమా అమ్మా?"

"అది మెరుగుదల మేడమ్. లోపం కాదు."

"మరి నా ఈగలు చచ్చిపోయాయి. వాటి సంగతేంటి?"

కాసేపు ఏవో మీటలు నొక్కుతున్న చప్పుడు. "క్షమించండి మేడమ్. ఆ విభాగం మా దగ్గర లేదు. ఇంకేమైనా సాయం కావాలా?"

భర్త బండి తీసుకుపోయి పంపు మార్పించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి, చెమటలు కక్కుతూ, వాకిట్లోంచే కేక వేశాడు.

"కావాలనే కొండదారి మీదుగా తెచ్చాను. ఇంత ఎండలో! కిక్కురుమనలేదు. చూడు, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు."

తేనెక్క బయటికి వచ్చింది. చెయ్యి పెట్టలేదు.

"అయితే ఆగింది ఈగల వల్ల కాదన్నమాట," అంది.

అతను తాళాలగుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఒక్క మాట చాలు. పొరపాటు పడ్డానే అంటే చాలు. అంతకన్నా తక్కువైనా, తల దించుకున్నా సరిపోయేది. ఆమె చాలాసేపే ఆగింది.

"అదీ ఒక కారణమే అయ్యుంటుంది," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కంపెనీ మీద కోపం ఎప్పుడో చల్లారిపోయిందని ఆ పూట ఆమెకు తెలిసింది. కంపెనీ ఆమెకు ఏమవుతుంది? ఎక్కడో ఉంటుంది, అమ్ముకుంటుంది, అబద్ధమాడుతుంది. దానితో ఆమె కాపురం చెయ్యలేదు.

పూత కాలానికి ఆమె మరో తోటతో మాట్లాడుకుంది. చిన్న తోట, దారి అంతే దూరం. బయల్దేరే సాయంత్రం నత్త బాబాయ్ బండి ఇంటి ముందు ఆగింది. దాని పక్కన తెల్లబండి ఇంకా తెల్లగా కనబడింది.

"ఏమ్మా, ఇంట్లో బండి పెట్టుకుని నన్ను పిలిచావేంటి?" అన్నాడు నత్త బాబాయ్, లోపలినుంచి వస్తున్న బండాయనను చూడకుండా.

"నువ్వయితే నిదానంగా తీసుకెళ్తావని బాబాయ్."

పెట్టె ఎత్తాలంటే ఇద్దరుండాలి. నత్త బాబాయ్‌కి నడుం నొప్పి. ఆమె మొదటి పెట్టెకు ఒకవైపు పట్టుకుని ఆగింది. భర్త వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. పాత అలవాటు కాబట్టి చేతులు వాటంతటవే కలిశాయి. ఎత్తుదాం, దింపుదాం అని చెప్పుకోవాల్సిన పని కూడా పడలేదు. చివరి పెట్టె ఎక్కించాక అతను తాళ్ళు బిగించాడు, ముళ్ళు లాగి చూశాడు.

"నేను వెనకాల మన బండిలో రానా? దించడానికి మనిషి కావాలి కదా," అన్నాడు.

"అక్కడ తోటవాళ్ళు సాయం పడతామన్నారు."

"మధ్యలో ఏమైనా అయితే?"

తేనెక్క తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది. "మధ్యలో ఏమైనా అయితే దించేస్తాను," అంది. "గిన్నెలో అన్నం ఉంది. పొద్దున పాలవాడొస్తాడు, తీసుకోండి."

నత్త బాబాయ్ బండి స్టార్టు చేశాడు. అది గడగడలాడి, వీధి మొదట్లోని గతుకు దగ్గర మనిషి నడకంత వేగానికి తగ్గింది. తేనెక్క వెనక అద్దంలోకి చూడలేదు. వెనక్కి చెయ్యి చాపి, కిటికీ సందులోంచి దగ్గర్లో ఉన్న పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించి, లోపల ఈగలు ఎలా ఉన్నాయో చూసుకుంది.